థీసిస్ ఒకే ఫైలా, అధ్యాయానికో ఫైలా? పేజీ నంబర్లు చెడకుండా ఉండాలంటే ఏ దారి మేలు

థీసిస్ మొదలుపెట్టేటప్పుడు పేజీ నంబర్ల గురించి ఎవరూ ఆలోచించరు. అధ్యాయం పూర్తయినప్పుడల్లా గైడ్ గారికి పంపాలి కాబట్టి దేనికది విడి ఫైలుగా సేవ్ చేసుకుంటూ పోతారు. సబ్మిషన్ నాటికి ఫోల్డర్‌లో ‘చాప్టర్ 3 ఫైనల్’, ‘చాప్టర్ 3 ఫైనల్ కరెక్టెడ్’, ‘చాప్టర్ 3 సార్ చూసింది’ అన్నీ పోగవుతాయి. ఇప్పుడు వీటన్నిటినీ కలపాలి. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి మామూలు అంకెలు వేయాలి. మధ్యలో అడ్డంగా తిప్పిన టేబుళ్లు వచ్చినా వరస తెగకూడదు. విషయసూచికలో ఉన్న నంబరూ, పేజీ కింద ఉన్న నంబరూ ఒకటే కావాలి. డీటీపీ సెంటర్లలో చివరి రోజు కూర్చునే వాళ్ల సమయంలో సగం దీనికే పోతుంది.

థీసిస్ ఒక్కటే కాదు. నాలుగైదు శాఖల నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చే ప్రాజెక్టు రిపోర్టు, హైకోర్టులో పిటిషన్‌తో పాటు వేసే మెటీరియల్ పేపర్లు, పదిహేను మంది రాసిన వ్యాస సంకలనం, అన్నిటిదీ ఇదే బాధ. అయితే అన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు. మార్పులు చివరి రోజు దాకా వస్తాయా, ఫైలు మీద ఎంతమంది చేయి పడుతుంది, స్కాన్ చేసిన కాగితాలు మధ్యలో కలుస్తాయా అన్నది తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

నా మాట ముందే చెప్పేస్తాను. రాసేది ఒక్కరే అయితే, టైపు చేసిన పేజీలే ఎక్కువైతే, వర్డ్‌లో ఒకే ఫైలు. రాసేవాళ్లు చాలామంది అయితే విడి ఫైళ్లు, కానీ నంబర్లు ‘3-1, 3-2’ పద్ధతిలో. స్కాన్ కాగితాలు ఎక్కువైతే నంబర్లను వర్డ్‌లో వేయనే వద్దు, పీడీఎఫ్ మీద వేయండి. మిగతావి ఎవరికి సరిపోతాయో వరసగా చూద్దాం.

వర్డ్‌లో ఒకే ఫైలు

పెద్ద ఫైలు పెడితే వర్డ్ మొరాయిస్తుందన్న భయంతోనే చాలామంది విడగొడతారు. బొమ్మలు కాకుండా టెక్స్ట్ ఒక్కటే 32 ఎంబీ వరకు వర్డ్ తీసుకుంటుంది. మూడు వందల పేజీల థీసిస్ ఆ దరిదాపులకు కూడా పోదు. ఫైలు బరువెక్కేది ఫోన్‌లో తీసిన ఫొటోలను ఉన్నవి ఉన్నట్టు అతికించడం వల్ల. వాటి సైజు తగ్గించుకుంటే చాలు, అధ్యాయాలు విడగొట్టాల్సిన పని లేదు.

ఒకే ఫైలులో రెండు రకాల నంబర్లు రావాలంటే సెక్షన్ బ్రేక్ కావాలి. సెక్షన్ అంటే తనకంటూ వేరే పేజీ అమరిక, వేరే నంబర్ల లెక్క ఉండగల భాగం. కంట్రోల్+ఎంటర్ కొడితే వచ్చేది పేజ్ బ్రేక్ మాత్రమే. దానివల్ల రాత తర్వాతి పేజీకి పోతుందంతే, నంబర్ల లెక్క మారదు. లేఅవుట్ మెనూలో బ్రేక్స్ నొక్కి, కింది సగంలో ఉన్న నెక్స్ట్ పేజ్ ఎంచుకోవాలి. హోమ్ మెనూలోని పేరాగ్రాఫ్ గుర్తు బటన్ నొక్కి ఉంచితే ఏ బ్రేక్ ఎక్కడుందో కనిపిస్తుంది. అది ఆన్ చేయకుండా ఈ పని చేయడం చీకట్లో తడుముకోవడమే.

ఇక్కడ చాలా వీడియోల్లో చెప్పే ఒక సలహా అనవసరమైన చిక్కులు తెస్తుంది: “ముందు అన్ని సెక్షన్లలో లింక్ టు ప్రీవియస్ తీసేయండి” అని. ఆ లింక్ ఉంటే ఒక సెక్షన్ ఫుటర్ (పేజీ అడుగున వచ్చే పట్టీ) దాని ముందు సెక్షన్‌లో ఉన్నట్టే ఉంటుంది. అది కాపాడేది ఫుటర్‌లో ఉన్న సరుకును మాత్రమే, అంటే నంబరు మధ్యలో ఉందా, కుడివైపు ఉందా, పక్కన అధ్యాయం పేరు ఉందా అన్నది. రోమన్ అంకెలా మామూలు అంకెలా, ఏ నంబరుతో మొదలవ్వాలి అన్నది సెక్షన్‌కి చెందిన సంగతి. దానికీ లింక్‌కీ సంబంధం లేదు. అన్ని పేజీల్లోనూ నంబరు కింద మధ్యలోనే వస్తుందంటే లింక్ ముట్టుకోకుండా వదిలేయండి. కర్సర్‌ను ఒకటో అధ్యాయం ఫుటర్‌లో పెట్టి, ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో మామూలు అంకెలు, స్టార్ట్ ఎట్ 1 అని ఇస్తే చాలు. ముందు పేజీల సెక్షన్‌లోకి వెళ్లి అదే డబ్బాలో చిన్న రోమన్ అంకెలు ఎంచుకోండి. ఫుటర్ ఒకటే ఉంటుంది, అంకెలు మాత్రం ఎక్కడికక్కడ మారతాయి. పదకొండు సెక్షన్లలో లింక్ తెంపేసుకున్నవాళ్లు ఆ తర్వాత నంబరు ఫాంట్ మార్చాలన్నా పదకొండుసార్లు మార్చాల్సిందే.

ఎక్కువ మంది దెబ్బతినేది అడ్డం పేజీ దగ్గర. నాలుగో అధ్యాయంలో 63వ పేజీలో పన్నెండు కాలమ్స్ ఉన్న టేబుల్ ఉందనుకోండి. దాన్ని ల్యాండ్‌స్కేప్ చేయడానికి ముందొక సెక్షన్ బ్రేక్, తర్వాతొక సెక్షన్ బ్రేక్ పెడతారు. 62 తర్వాత టేబుల్ పేజీ కింద 1 అని పడుతుంది. దాని తర్వాతి పేజీ కిందా 1 అనే పడుతుంది. వర్డ్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని తిట్టుకుంటారు గానీ, అది చెప్పిందే చేస్తోంది. ఒక సెక్షన్‌ను మధ్యలో చీల్చినప్పుడు దాని లక్షణాలన్నీ రెండు ముక్కలకీ వస్తాయి. అసలు సెక్షన్‌కి ‘స్టార్ట్ ఎట్ 1’ అని ఉంది కాబట్టి మూడు ముక్కలూ 1తోనే మొదలవుతాయి. టేబుల్ సెక్షన్‌లో ఒకసారి, దాని తర్వాతి సెక్షన్‌లో ఒకసారి ఫార్మాట్ పేజ్ నంబర్స్ తెరిచి ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’ పెడితే 63, 64 అని వరస కుదురుతుంది.

అదే టేబుల్ పేజీలో ఇంకో చిన్న చిక్కు. ఫుటర్‌లో నంబరును ట్యాబ్ కొట్టి కుడి చివరికి తోసి ఉంటే, అడ్డం పేజీలో అది కుడి చివరికి చేరకుండా మధ్యలోనే వేలాడుతూ కనిపిస్తుంది. మామూలు ట్యాబ్ నిలువు పేజీ వెడల్పుకి కొలిచి పెట్టింది కదా. హెడర్ అండ్ ఫుటర్ మెనూలో ‘ఇన్సర్ట్ అలైన్‌మెంట్ ట్యాబ్’ అని ఉంటుంది. దానితో పెడితే మార్జిన్ ఎక్కడుంటే నంబరు అక్కడికే వెళ్తుంది. నంబరు మధ్యలోనే ఉండి, దాన్ని సెంటర్ అలైన్‌మెంట్‌తో పెట్టి ఉంటే ఈ గొడవే లేదు.

సెక్షన్ బ్రేక్ డిలీట్ చేయడం మరో గండం. సెక్షన్ లక్షణాలు దాని చివర ఉన్న బ్రేక్‌లో దాగి ఉంటాయి. రోమన్ అంకెల భాగానికీ ఒకటో అధ్యాయానికీ మధ్య బ్రేక్‌ను తీసేస్తే, రోమన్ సమాచారం దానితోపాటే పోతుంది. పై భాగం కింది భాగం లక్షణాలు తెచ్చుకుంటుంది. అంటే టైటిల్ పేజీయే 1 అయి కూర్చుంటుంది. ఇలా జరిగితే వెంటనే కంట్రోల్+జడ్ కొట్టాలి. దాని మీదే దిద్దుకుంటూ పోతే ఇంకా చిక్కుపడుతుంది.

ప్రతి అధ్యాయం మొదటి పేజీలో మాత్రమే నంబరు కనిపించడం లేదంటే వెతకాల్సింది ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ అన్న టిక్కు. టైటిల్ పేజీలో నంబరు దాచడానికి పెట్టిన ఆ టిక్కు, ఆ తర్వాత చీల్చిన సెక్షన్లన్నిటికీ వారసత్వంగా వచ్చేస్తుంది. అక్కర్లేని సెక్షన్లలో తీసేయండి. కొన్ని యూనివర్సిటీలు అధ్యాయం మొదటి పేజీలో నంబరు వద్దనే అంటాయి, కాబట్టి ముందు మీ ఫార్మాట్ సర్క్యులర్ చూసుకుని తీయండి.

17 తర్వాత నేరుగా 19 కనిపిస్తే అది ఆడ్ పేజ్ (బేసి పేజీ) బ్రేక్ మహిమ. పుస్తకంలో అధ్యాయం కుడి పేజీలో మొదలవ్వాలని 18ని ఖాళీగా వదులుతుంది. తెరమీద ఆ ఖాళీ పేజీ కనిపించదు గానీ ప్రింట్‌లోనూ పీడీఎఫ్‌లోనూ వస్తుంది. రెండు వైపులా ప్రింట్ చేసే పుస్తకానికి ఇది మంచిదే. కాగితానికి ఒక వైపే ప్రింట్ అడిగే చోట మాత్రం ఆడ్ పేజ్ జోలికి పోవద్దు, నెక్స్ట్ పేజ్ చాలు.

కొంతమంది గైడ్‌లు ‘5/210’ లాగా మొత్తం పేజీలు కూడా అడుగుతారు. నమ్‌పేజెస్ (NUMPAGES) ఫీల్డ్, అంటే మొత్తం పేజీల లెక్కను వర్డ్ తనే నింపే కోడ్, పెడితే రోమన్ పేజీలు కూడా కలిపి లెక్కేస్తుంది. సెక్షన్‌లోని పేజీలను లెక్కించే సెక్షన్‌పేజెస్ (SECTIONPAGES) పెడితే అడ్డం టేబుల్ దగ్గర సెక్షన్ తెగి లెక్క తప్పుతుంది. దీనికి నమ్మకమైన మార్గం, చివరి పేజీలో చివరి మాట మీద ఒక బుక్‌మార్క్ పెట్టి, ఫుటర్‌లో దానికి పేజ్‌రెఫ్ (PAGEREF) ఫీల్డ్ ఇవ్వడం. ఆ బుక్‌మార్క్ ఏ నంబరు పేజీలో ఉంటే అదే మొత్తంగా వస్తుంది.

ఇవన్నీ చదివి ఒకే ఫైలు అంటే ఇంత తలనొప్పా అనుకోవద్దు. పై చిక్కులన్నీ ఒకసారి సరిచేస్తే మళ్లీ రావు. తర్వాత రెండో అధ్యాయంలో పది పేజీలు పెరిగినా, ఆరో అధ్యాయంలో ఒక పట్టిక తీసేసినా నంబర్లు వాటంతటవే జరుగుతాయి. విషయసూచిక మీద క్లిక్ చేసి ఎఫ్9 కొడితే అదీ సర్దుకుంటుంది. అప్పుడు వచ్చే ప్రశ్నకి ‘అప్‌డేట్ ఎంటైర్ టేబుల్’ అనే చెప్పండి. పేజీ నంబర్లు మాత్రమే అని చెబితే, మీరు మార్చిన శీర్షికలు పాత పేర్లతోనే ఉండిపోతాయి.

విషయసూచిక రెండు పేజీల నుంచి మూడు పేజీలైనా అధ్యాయాల నంబర్లు కదలవు, ఎందుకంటే అది రోమన్ భాగంలో ఉంది. కృతజ్ఞతలు, సర్టిఫికెట్లు, పట్టికల జాబితా అన్నీ చివర్లో రాసేవే. ముందు పేజీలకు వేరే లెక్క పెట్టే ఆనవాయితీ వెనక ఇంత పనికొచ్చే సంగతి ఉంది.

గైడ్ గారికి ఒక్క అధ్యాయమే పంపాలంటే అసలు ఫైలు నుంచి కాపీ తీసి పంపండి. ఆయన దిద్దుబాట్లు వచ్చాక అసలు ఫైలులోనే సవరించండి. ఇప్పటికే విడి ఫైళ్లుగా ఉంటే ఇన్సర్ట్ మెనూలో ఆబ్జెక్ట్ పక్కన బాణం నొక్కి ‘టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్’తో ఒక్కొక్కటీ లోపలికి తెచ్చుకోవచ్చు. లోపల సెక్షన్ బ్రేకులు లేని అధ్యాయం తన పాత ఫుటర్‌ను వదిలేసి వస్తుంది, మనకి కావాల్సిందీ అదే. అడ్డం టేబుళ్లు ఉన్న అధ్యాయమైతే తన సెక్షన్లనూ, వాటి ‘స్టార్ట్ ఎట్’లనూ వెంటబెట్టుకుని వస్తుంది. కలిపాక ప్రతి సెక్షన్‌నూ ఒకసారి తెరిచి చూడాల్సిందే. వర్డ్ కింది పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ‘సెక్షన్’, ‘ఫార్మాటెడ్ పేజ్ నంబర్’ రెండూ టిక్ చేసుకుంటే, మీరు ఏ సెక్షన్‌లో ఉన్నారో, ఆ పేజీ మీద ఏ నంబరు పడుతుందో ఎప్పుడూ కళ్ల ముందుంటుంది.

అధ్యాయానికో ఫైలు

విడి ఫైళ్లలో నంబర్లు కలపడానికి అందరూ చేసేది ఒకటే. మొదటి ఫైలు 42తో అయిపోతే రెండో ఫైలుకి స్టార్ట్ ఎట్ 43 అని ఇస్తారు, మూడోదానికి దాని లెక్క. ఏడు అధ్యాయాలకి ఇది అరగంట పని. కానీ మొదటి అధ్యాయంలో రెండు పేజీలు పెరిగాయంటే మిగతా ఆరు ఫైళ్లూ మళ్లీ తెరవాలి. వైవా అయ్యాక కరెక్షన్లు అడిగారంటే మళ్లీ మొదటికి వస్తుంది. విషయసూచిక చేత్తో టైపు చేశారంటే దాన్నీ కూర్చుని దిద్దాలి.

విషయసూచిక కష్టాన్ని తీర్చే సాధనం ఒకటి వర్డ్‌లో ఎప్పటినుంచో ఉంది, వాడేవాళ్లు తక్కువ. దాని పేరు ఆర్‌డీ (RD) ఫీల్డ్. ఒక ఖాళీ ఫైలులో కంట్రోల్+ఎఫ్9 కొడితే వచ్చే మీసాల బ్రాకెట్లలో ఆర్‌డీ అని రాసి, అధ్యాయం ఫైలు పేరు కోట్స్‌లో ఇవ్వాలి. ఇలా ఒక్కో అధ్యాయానికీ ఒక్కోటి. తర్వాత అదే ఫైలులో విషయసూచిక పెడితే, ఆ ఫైళ్లన్నిటిలోని శీర్షికలనూ, వాటి పేజీ నంబర్లనూ తెచ్చి చూపిస్తుంది. అయితే ఇది ఉన్న నంబర్లను చదువుతుందే తప్ప, నంబర్లు వేయదు. స్టార్ట్ ఎట్ పని మీదే. అందుకే అధ్యాయాలు ఖాయమైపోయిన సంకలనాలకు బాగుంటుంది, ఇంకా రాస్తూ ఉన్న థీసిస్‌కి కాదు.

వర్డ్‌లోనే అవుట్‌లైన్ వ్యూలో మాస్టర్ డాక్యుమెంట్ అని మరొకటి ఉంది. విడి ఫైళ్లను ఒక తల్లి ఫైలు కింద కట్టి, నంబర్లు కూడా వరసగా తనే వేస్తుంది. వినడానికి ఇదే కావాల్సింది అనిపిస్తుంది. కానీ ఫైళ్లు పాడు చేస్తుందని దీనికి ఏళ్ల తరబడి చెడ్డపేరు ఉంది. ఒక ఫైలు పేరు మార్చినా, పెన్‌డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌కి జరిపినా లింకులు తెగుతాయి. నాలుగేళ్ల పనిని దీనికి అప్పగించమని నేనైతే ఎవరికీ చెప్పను.

అయితే విడి ఫైళ్లే సరైన దారి అయ్యే సందర్భం ఒకటుంది. ఒక సాగునీటి పథకం రిపోర్టునే తీసుకోండి. హైడ్రాలజీ భాగం ఒకరి దగ్గర, భూసేకరణ భాగం మరొకరి దగ్గర, అంచనా వ్యయం ఇంకొకరి దగ్గర తయారవుతుంది. ఎవరి భాగం ఎప్పుడు పెరుగుతుందో ఎవరికీ తెలియదు. ఇలాంటి వాటికి మొదటి నుంచి చివరికి ఒకే వరస నంబర్లు పెట్టడమే అసలు పొరపాటు. మూడో భాగంలో 3-1, 3-2, 3-3, నాలుగో భాగంలో 4-1, 4-2 అని పెట్టండి. మూడో భాగంలో ఇరవై పేజీలు పెరిగినా నాలుగో భాగం మీద ఈగ వాలదు. ఒక భాగాన్ని సవరిస్తే ఆ భాగం పేజీలే మళ్లీ ప్రింట్ తీసి ఫైల్‌లో మార్చుకోవచ్చు. వర్డ్‌లో ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లోనే ‘ఇంక్లూడ్ చాప్టర్ నంబర్’ అన్న టిక్కు ఉంటుంది. అధ్యాయం శీర్షిక హెడింగ్ 1 స్టైల్‌లో ఉండి, ఆ స్టైల్‌కి మల్టీలెవెల్ లిస్ట్‌తో నంబరు తగిలించి ఉండాలి. చేత్తో ‘అధ్యాయం 3’ అని టైపు చేసి బోల్డ్ చేస్తే ఈ టిక్కు పనిచేయదు. విడి ఫైలు కాబట్టి ఆ లిస్ట్ మూడుతో మొదలయ్యేలా ఒకసారి చెప్పుకోవాలి. ఇంత తేలికైన పద్ధతి ఉండగా కమిటీ రిపోర్టులకు అర్ధరాత్రి దాకా కూర్చుని 1 నుంచి 480 దాకా నంబర్లు కలపడం దేనికో నాకు అర్థం కాదు. యూనివర్సిటీ థీసిస్‌లకు మాత్రం ఈ ఫార్మాట్ ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి.

లిబ్రేఆఫీస్ రైటర్

ఉచితం అన్న ఒక్క కారణంతోనే కాదు, పొడుగాటి పత్రాలకు రైటర్ లెక్క వర్డ్ కంటే శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ నంబర్లు, ఫుటర్, అడ్డం నిలువు అన్నీ పేజీ స్టైల్‌లో ఉంటాయి. ‘ముందు పేజీలు’ అని ఒక స్టైల్, ‘అధ్యాయం’ అని ఒకటి, ‘అడ్డం’ అని ఒకటి చేసుకుంటే చాలు. ఇన్సర్ట్ మెనూలో మాన్యువల్ బ్రేక్ పెట్టేటప్పుడే తర్వాతి పేజీకి ఏ స్టైలో చెప్పి, నంబరు మార్చాలంటే అక్కడే 1 అని ఇస్తారు. నంబరు మార్చమని చెప్పకపోతే మార్చదు. అందుకని వర్డ్‌లో అడ్డం టేబుల్ దగ్గర వచ్చే గొడవ ఇక్కడ రాదు. దీని మాస్టర్ డాక్యుమెంట్ కూడా వర్డ్ దానికంటే ఎంతో నమ్మదగ్గది. విడి ఫైళ్లు, ఒకే వరస నంబర్లు రెండూ కావాల్సిందే అనేవాళ్లకి నేను చూపించే దారి ఇదే.

రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, రైటర్ దృష్టిలో బేసి నంబరు ఎప్పుడూ కుడి పేజీ. ముందు పేజీలు రోమన్ ఏడుతో ముగిసి, అధ్యాయం 1తో మొదలైతే మధ్యలో ఒక ఖాళీ పేజీని తనే చొప్పిస్తుంది. ప్రింట్ ఆప్షన్లలోనూ, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ డబ్బాలోనూ ఆ ఖాళీ పేజీలు వద్దని టిక్కు తీసేయొచ్చు. రెండోది, పేజ్ నంబర్ ఫీల్డ్‌లో ఆఫ్‌సెట్ అని కనిపించే గడి. నంబరు జరపడానికి అనుకుని అందులో అంకె వేస్తారు. అది నిజానికి వేరే పేజీ నంబరును చూపించడానికి పెట్టింది. అంత దూరంలో పేజీ లేకపోతే నంబరే మాయమవుతుంది. చివరి కొన్ని పేజీల్లో నంబర్లు లేవని గగ్గోలు పెట్టేవాళ్లలో చాలామంది ఆ గడిని ముట్టుకున్నవాళ్లే.

వర్డ్‌లో చేసిన థీసిస్‌ను రైటర్‌లో తెరిచి, మళ్లీ వర్డ్‌కి పంపి, ఇలా అటూ ఇటూ తిప్పితే మాత్రం పేజీ స్టైల్స్ విచిత్రమైన పేర్లతో పుట్టుకొస్తాయి. ఏదో ఒకదానిలో మొదలుపెట్టి దానిలోనే ముగించండి.

గూగుల్ డాక్స్, లేటెక్

గూగుల్ డాక్స్ ఇద్దరు ముగ్గురు కలిసి రాయడానికి బాగుంటుంది. సెక్షన్ బ్రేకులున్నాయి, సెక్షన్ వారీగా నంబరు మళ్లీ మొదలుపెట్టొచ్చు. పేజీ నంబర్ల మెనూలో రోమన్ అంకెలు మాత్రం లేవు. రాత అంతా అందులో చేసుకుని, చివర్లో వర్డ్ ఫైలుగా డౌన్‌లోడ్ చేసి నంబర్ల పని అక్కడ ముగించడం మంచిది.

లేటెక్ (LaTeX) అంటే రాతతో పాటు ఆదేశాలు టైపు చేసి పత్రం తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఈ సమస్యే లేదు. ఫ్రంట్‌మ్యాటర్ అని ఒక ఆదేశం ఇస్తే రోమన్ అంకెలు, మెయిన్‌మ్యాటర్ అంటే 1 నుంచి మామూలు అంకెలు. అధ్యాయాలు విడి ఫైళ్లలోనే ఉంటాయి, వరస దానంతటదే కుదురుతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరిగా రావాలంటే దాని రకాలైన జీలేటెక్ (XeLaTeX) గానీ లువాలేటెక్ (LuaLaTeX) గానీ వాడాలి. గణితం, భౌతికశాస్త్రం వాళ్లు ఎలాగూ ఇందులోనే రాస్తారు. మిగతావాళ్లు సబ్మిషన్‌కి రెండు నెలల ముందు పేజీ నంబర్ల కోసమని దీంట్లోకి దూకొద్దు.

స్కాన్ కాగితాలుంటే

పిటిషన్ పది పేజీలే ఉంటుంది. దాని వెనక పాస్‌బుక్ కాపీలు, జీవోలు, నోటీసులు, రసీదులు కలిపి నూట యాభై పేజీల మెటీరియల్ పేపర్లు ఉంటాయి. ఇండెక్స్‌లో ప్రతి కాగితానికీ పేజీ నంబరు కావాలి. ఆ స్కాన్‌లన్నిటినీ బొమ్మలుగా వర్డ్‌లో అతికించి నంబర్లు వేయడం చూస్తుంటాను. ఫైలు నత్తనడక నడుస్తుంది, బొమ్మ కాస్త పెద్దదైతే తర్వాతి పేజీకి జారి ఒక ఖాళీ పేజీ పుట్టిస్తుంది.

ఇలాంటప్పుడు వర్డ్ ఫైలు ఫుటర్ ఖాళీగా వదిలేసి పీడీఎఫ్ చేసుకోండి. స్కాన్‌లనూ పీడీఎఫ్ చేసి వరసగా కలపండి. మొత్తం కలిసిన ఫైలు మీద నంబర్లు ఒకేసారి ముద్ర కొట్టండి. అడోబీ అక్రోబాట్ ప్రోలో హెడర్ అండ్ ఫుటర్ అని ఉంటుంది, ఉచితంగా వచ్చే రీడర్‌లో ఉండదు. ముద్ర కొట్టే ముందు పేజీలన్నీ ఏ4 సైజుకి తెచ్చుకోవడం మరవద్దు. లీగల్ సైజు స్కాన్ ఒకటి మధ్యలో ఉంటే ప్రింట్‌లో దాని నంబరు మిగతావాటికంటే వేరే ఎత్తులో, చిన్నగా పడుతుంది. ఇండెక్స్‌లో నంబర్లు ఆఖర్న నింపి, ఆ ఒక్క పేజీని మార్చేయండి.

థీసిస్‌లో స్కాన్‌లు కొన్నే ఉంటే, అంటే ప్రశ్నావళి, అచ్చయిన పరిశోధన వ్యాసం లాంటివి ఉంటే, ఈ రెండు పద్ధతులనూ కలపొచ్చు. ఎనిమిది పేజీల వ్యాసానికి వర్డ్‌లో ఎనిమిది ఖాళీ పేజీలు వదలండి. మొదటిదాని మీద ‘అనుబంధం 2’ అని శీర్షిక పెట్టండి. నంబర్లు వాటి మీదా పడతాయి, విషయసూచికలోకీ వస్తుంది. ప్రింట్ తీశాక ఆ కాగితాల మీదే వ్యాసాన్ని జిరాక్స్ తీయించవచ్చు.

తెలుగులో రాస్తే ఇంకో సంగతి

ఇంట్లో 214 పేజీలున్న ఫైలు డీటీపీ సెంటర్‌లో తెరిస్తే 226 అవుతుంది. విషయసూచికలో ఉన్నవన్నీ పాత నంబర్లే. సెక్షన్లు వెతికి లాభం లేదు, తప్పు ఫాంట్‌ది. మీరు గౌతమి ఫాంట్‌లో రాశారు. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు అదనపు ఫాంట్ల కింద విడిగా వేసుకోవాల్సినవి అయ్యాయి. ఆ కంప్యూటర్‌లో అవి లేకపోతే వర్డ్ నిర్మల లాంటి వేరే ఫాంట్ తెచ్చి నింపుతుంది. ఫాంటు మారితే లైను ఎత్తు మారుతుంది, లైను ఎత్తు మారితే పేజీలు మారతాయి.

ప్రింట్‌కి ఎప్పుడూ పీడీఎఫ్ పట్టుకెళ్లడమే దీనికి మందు. వర్డ్ ఫైలే ఇవ్వాల్సి వస్తే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ టిక్ చేసి సేవ్ చేయండి. లైన్ స్పేసింగ్‌ను ‘ఎగ్జాక్ట్‌లీ’ పెట్టుకున్నా ఈ తేడా చాలా తగ్గుతుంది, కాకపోతే మరీ తక్కువ పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయించుకున్నవాళ్లు పేజీ నంబర్ల కోసం దాన్ని వర్డ్‌కి మార్చుకోనక్కర్లేదు. పేజ్‌మేకర్ మాస్టర్ పేజీలో కంట్రోల్+ఆల్ట్+పి కొట్టి నంబరు గుర్తు పెడతారు. యుటిలిటీస్ మెనూలో ఉన్న బుక్ ఆదేశంతో అధ్యాయాల ఫైళ్లను జాబితాగా చేర్చి, తర్వాతి పేజీ నుంచా, తర్వాతి బేసి పేజీ నుంచా అని చెబితే వరస తనే వేస్తుంది. డీటీపీ చేసేవాళ్లలో చాలామంది ఈ బుక్ సంగతి వదిలేసి ప్రతి ఫైలుకీ చేత్తో నంబరు ఇస్తుంటారు, కాబట్టి అడిగి చేయించుకోండి. అడోబీ 2004లోనే పేజ్‌మేకర్ అభివృద్ధి ఆపేసింది. కొత్తగా పుస్తకం మొదలుపెట్టే ప్రచురణకర్తలైతే యూనికోడ్‌తో ఇన్‌డిజైన్‌కి వెళ్లడం మేలు, అందులో బుక్ సదుపాయం ఇంకా బాగుంటుంది.

శోధ్‌గంగా కోసం ముక్కలు చేసేటప్పుడు

అన్నీ కలిపి నంబర్లు కుదిరాక, దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగాలో పెట్టడానికి లైబ్రరీ వాళ్లు మళ్లీ అధ్యాయాల వారీగా విడి పీడీఎఫ్‌లు అడుగుతారు. టైటిల్ ఒకటి, సర్టిఫికెట్ ఒకటి, ఒక్కో అధ్యాయం ఒకటి. ఇక్కడ కొంతమంది పాత విడి ఫైళ్లు వెతికి తీసి పీడీఎఫ్ చేసి ఇచ్చేస్తారు. బైండింగ్ ప్రతిలో నాలుగో అధ్యాయం 91లో మొదలైతే ఆన్‌లైన్ ప్రతిలో 1 అని ఉంటుంది. దాన్ని ఉటంకించేవాళ్లు ఏ పేజీ అని రాయాలి?

విడి పీడీఎఫ్‌లు కూడా మొత్తం ఫైలు నుంచే తీయాలి. వర్డ్ ప్రింట్ డబ్బాలో ప్రింటర్‌గా ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ పెట్టి, పేజెస్ గడిలో పేజీతో పాటు సెక్షన్ కూడా చెప్పండి. రోమన్ ఐదో పేజీ, మామూలు ఐదో పేజీ రెండూ ఉన్న ఫైలులో ఉత్త 5 అంటే ఏదో తేలదు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో p91s4-p128s4 అన్న పద్ధతిలో కొడితే (p అంటే పేజీ, s అంటే సెక్షన్), నాలుగో సెక్షన్‌లోని 91 నుంచి 128 దాకా వస్తుంది. అడ్డం టేబుల్ వల్ల అధ్యాయం మూడు సెక్షన్లుగా చీలి ఉంటే మొదటి పేజీకి s4, చివరి పేజీకి s6 అని ఇవ్వాలి. సెక్షన్ నంబరు కింది పట్టీలో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి లెక్కపెట్టుకోనక్కర్లేదు. పీడీఎఫ్‌లు తీసే ముందు ఆఖరిసారి విషయసూచిక అప్‌డేట్ చేసి, మొత్తం ఫైలు పీడీఎఫ్ కూడా అదే రోజు తీసి పెట్టుకోండి. బైండింగ్‌కి వెళ్లేదీ, లైబ్రరీకి ఇచ్చేదీ ఒకే ఫైలు నుంచి వచ్చినవై ఉంటాయి.